ధ్వని ఏ ద్వారమున వెలువడవలెను?



నేడు నేను చెప్పబోవు విషయము పేరు విన్నంతనే, "ఇది మనకేల? పట్టణములలో కంప్యూటరు ముందు కూర్చుండు కుఱ్ఱవాండ్ర గొడవ" యని మీలో కొందఱనుకొనవచ్చును. కంప్యూటరులో పాటనో మాటనో వినిపించు ప్రోగ్రామును వ్రాయువాడు, ఆ ధ్వని ఏ పరికరమునుండి వెలువడవలెనో యెట్లు నిర్ణయింపవలెను? ఇదియే నా విషయము. దీనితో మీకు పని కలదు. మీ గ్రామపు కచేరీలో కంప్యూటరున్నది. దానికి మైకు తగిలించియుందురు. లేకున్న రేపు తగిలింతురు. ఆ మైకునుండి ఏ మాట ఊరంతకు వినబడునో, ఏ మాట గుమాస్తా చెవిని దాటిపోదో, ఆ నిర్ణయము ఎక్కడనో కూర్చున్న ప్రోగ్రాము వ్రాయువాని చేతిలో నున్నది. అతడు దానినిగూర్చి యోచింపనే లేదనుకొనుడు. అప్పుడా నిర్ణయము ఎవరి చేతిలోను లేదన్నమాట.

అట్లు యోచింపనివారిలో నేనొకడను. కావున ముందు నా కథ చెప్పెదను.

2019 వ సంవత్సరమున ఒక పల్లెలో సాగునీటి సంఘమువారు నన్నొక చిన్న ప్రోగ్రాము వ్రాసి యిమ్మని కోరిరి. ఊరి పేరు చెప్పను. ఏల చెప్పనో కొంచెము సేపటిలో మీకే తెలియును. పూర్వము ఆ యూరిలో కాలువకు నీరు వదలు దినము మొదలైన సంగతులను టముకు వేసి చాటెడివారు. పిమ్మట రావిచెట్టు మీద నాలుగు కొమ్ముల మైకును కట్టిరి. టముకు పోయినను గుమాస్తాకు శ్రమ పోలేదు. ఒకే సంగతిని ఉదయము, సాయంకాలము, మఱల మఱునాడు, మైకు ముందు నిలిచి గొంతు చించుకొని చెప్పవలసివచ్చుచుండెను. ఒకమాఱు చెప్పినది రికార్డు చేసి, బొత్తాము నొక్కగనే వినిపించునట్లు చేసిన బాగుండునని వారి కోరిక. దానితోపాటు రైతులు ఫోనులో పంపు మాటల రికార్డులను గుమాస్తా తన గదిలో హెడ్‌ఫోను పెట్టుకొని వినుటకును అదే ప్రోగ్రాములో వీలుండవలెననిరి.

నేను వ్రాసితిని. ధ్వనిని వినిపించు భాగమున "ఈ రికార్డును వినిపింపుము" అని మాత్రమే కంప్యూటరునకు చెప్పితిని. ఎక్కడ వినిపింపవలెనో చెప్పలేదు. చెప్పకపోయినను పని జరుగును. అందుచేతనే చాలమంది చెప్పుట మఱతురు. మొదటి కొన్ని నెలలు ఏ చిక్కును రాలేదు. ఏలన, ఆ కంప్యూటరునకు ధ్వని వెలువడు రంధ్రమొక్కటే యుండెను. తాను వినవలసినపుడు గుమాస్తా హెడ్‌ఫోను తీగెను అందు దూర్చును. ఊరికి వినిపింపవలసినపుడు దానిని లాగి ఆంప్లిఫయరు తీగెను దూర్చును. తీగె మార్చుట యను ఆ కొద్దిపాటి శ్రమయే అంతవఱకు ఊరివారి గుట్టును కాపాడుచుండెను. ఆ సంగతి అప్పుడు మాకెవరికిని తోచలేదు.

శ్రమ తగ్గింపదలచి, సంఘమువారు యు.ఎస్.బి. రంధ్రమునకు తగిలించు చిన్న సౌండుకార్డు నొకదానిని కొనితెచ్చి, ఆంప్లిఫయరు తీగెను దానికి శాశ్వతముగా బిగించిరి. మంచి యాలోచనయే. ఇక హెడ్‌ఫోనున కొక ద్వారము, మైకున కొక ద్వారము. కాని విండోసు కంప్యూటరు, క్రొత్తగా తగిలించిన ధ్వని పరికరమును తఱచుగా తనంతట తానే ముఖ్య పరికరముగా స్వీకరించును. ఇది వారికి తెలియదు. నాకు తెలిసియుండవలెను.

మఱునాడు ఉదయపు చాటింపు ముగిసినది. ఆంప్లిఫయరును ఆపుట మఱచిరి. ఆ గుమాస్తా మంచివాడు, నమ్మదగినవాడు. నలుగురు తమ యింటి సంగతులను గూడ అతనితో చెప్పుకొనుట అలవాటు. ఒక ముదుసలి పంపిన రికార్డును అతడు తెఱచెను. ఆమె అందులో నీటి సంగతి చెప్పలేదు. ఎవరికిని చెప్పవద్దని మొదటనే వేడుకొని, కన్నకొడుకు తనపట్ల నడచుకొను తీరును ఏడ్చుచు చెప్పుకొన్నది. గుమాస్తా చెవులకు హెడ్‌ఫోనున్నది, ఏమియు వినబడలేదు. శబ్దము తక్కువగా నున్నదేమో యనుకొని పెంచెను. అప్పటికిని వినబడలేదు. ఇంకను పెంచెను. రావిచెట్టు మీది నాలుగు కొమ్ములును నాలుగు దిక్కులకు ఆ తల్లి యేడుపును చాటుచుండెను. వీథిలోనుండి ఒక పిల్లవాడు పరుగెత్తివచ్చి భుజము పట్టి కుదుపువఱకు అతనికి తెలియలేదు. చెవులు రెండును మూసుకొని యున్నాడు కదా!

ఆమె చాల దినములు ఇల్లు వెడలి రాలేదు.

నన్ను పిలిపించిరి. సంఘమువారు సౌండుకార్డు చెడ్డదనిరి. గుమాస్తా తప్పంతయు తనదేయని తల వంచుకొని కూర్చుండెను. పరికరము తన పని తాను చేసినది. గుమాస్తా తనకు నేను చెప్పినట్లే చేసినాడు. చెప్పవలసిన మాట చెప్పనిది నా ప్రోగ్రాము.

ఇక ఆ మాట యేమో, దానినెట్లు చెప్పవలెనో విన్నవింతును.

పూర్వము రచ్చబండకడ పంచాయతీ రేడియో పెట్టె యొకటి యుండెడిది. మీలో పలువురు చిన్ననాట దానిచుట్టు కూర్చుండి పంటల ధరలను, హరికథలను వినియుందురు. ఆ పెట్టెకు నోరొక్కటే. ఏది మ్రోగినను అక్కడనే మ్రోగును, అందఱికిని మ్రోగును. కావున ఎక్కడ అను ప్రశ్నయే పుట్టలేదు. కంప్యూటరున కట్లు కాదు. దానికి ధ్వనియనగా అంకెల వరుస. సి.డి. పళ్లెముమీది పాటలో ఒక్కొక్క చెవికి సెకనునకు 44,100 అంకెల చొప్పున నుండును; వీడియోలలో తఱచుగా 48,000 చొప్పున. ప్రోగ్రాము చేయు పనియెల్ల ఆ అంకెలను వరుస తప్పకుండ అందించుటయే. వానిని విద్యుత్తుగా మార్చి చెవికి వినబడు శబ్దముగా జేయునది వేఱొక పరికరము. చెఱువులో నీరొక్కటే, ఏ తూము నెత్తిన ఆ పొలము తడియును. అట్లే ఏ పరికరమునకు అంకెలనిచ్చిన అక్కడ శబ్దము పుట్టును.

ఒక్క కంప్యూటరునకు తూములెన్ని? ల్యాప్‌టాపైనచో దాని పొట్టలోని స్పీకరొకటి. హెడ్‌ఫోను దూర్చు రంధ్రమొకటి. తెరకో టెలివిజనునకో పోవు హెచ్.డి.ఎం.ఐ. తీగె యొకటి; ఆ తెరకు స్పీకరు లేకున్నను ధ్వని పరికరముల పట్టికలో దాని పేరు కనబడుట కలదు, ధ్వని అటు పోయినచో ఇసుకలో పోసిన నీరే. యు.ఎస్.బి. పరికరములు ఎన్ని తగిలించిన అన్ని. బ్లూటూతు హెడ్‌సెట్టు సంగతి మఱియు విచిత్రము. విండోసు పదవ సంచికలో ఆ యొక్క పరికరమే రెండు పేర్లతో కనబడుచుండెను: పాట వినుటకొకటి, ఫోను సంభాషణకొకటి. తెలియక రెండవదాని నెన్నుకొన్నవాడు త్యాగరాజ కీర్తనను టెలిఫోనులో విన్నట్లు వినవలసివచ్చెడిది.

ప్రోగ్రాము ఏ తూమనియు చెప్పనపుడు ఆపరేటింగు సిస్టము తానుగా ఎత్తు తూమునకు డిఫాల్టు అని పేరు. ఇది చెడ్డ యేర్పాటు కాదు. సినిమా చూపించు ప్రోగ్రాము, పిల్లలాడుకొను ఆట, ఇట్టివి డిఫాల్టును అనుసరించుటయే మర్యాద. యజమాని ఒక్కచోట చెప్పిన చాలును, అన్నియు అటు మరలును. ప్రతి ప్రోగ్రామును "నాకే ద్వారము?" అని అడుగ మొదలుపెట్టిన ఎంత విసుగో యోచింపుడు. అయినను డిఫాల్టనగా యజమాని కోరిక యని భ్రమింపరాదు. అది ఒక్కొక్కప్పుడు అతని కోరికయే. ఒక్కొక్కప్పుడు అది నిన్న సాయంకాలము ఎవరో తగిలించిన పరికరపు చలవ.

విండోసును నిర్మించినవారే ఈ కష్టమును గుర్తించిరి. 2007 లో ప్రజలకు వచ్చిన విస్టా సంచికనుండి, "డిఫాల్టు ఏది?" అని ప్రోగ్రాము అడుగునపుడు అది ఏ పనికొఱకో కూడ చెప్పవలయును. హెచ్చరికలకును ఆటలకును ఒకటి, సంగీతమునకును సినిమాలకును ఒకటి, మనుష్యునితో మాటలాడుటకు ఒకటి. 2009 నాటి ఏడవ సంచికలో మాటలాడుటకు వేఱు పరికరమును యజమానియే నియమించుకొను వీలు కలిగినది. ఆపిలువారి మ్యాక్ కంప్యూటరులో హెచ్చరిక గంటలు ఏ స్పీకరున మ్రోగవలెనో వేఱుగా నియమింపవచ్చును. ఒక్క యంత్రమునుండి వెలువడు ధ్వనులన్నియు ఒక్క జాతివి కావు గదా!

హెచ్చరిక గంటలనగా జ్ఞప్తికి వచ్చుచున్నది. నేను చెప్పిన ఊరిలోనే, సౌండుకార్డు తగిలించిన మొదటి రాత్రి, సంఘపు కంప్యూటరునకు ఉత్తరము వచ్చినప్పుడెల్ల రావిచెట్టు "టింగు" మనెనట. ఊరి కుక్కలన్నియు మొఱిగినవట. ఎవరో పోకిరీలు చేసిన పని యనుకొని ఉదయమున నవ్వుకొనిరి. ఆ టింగును అర్థము చేసికొనియున్న మఱునాటి కష్టము తప్పియుండెడిది. ఏలన ఆ టింగునకు నా ప్రోగ్రాముతో సంబంధమే లేదు. డిఫాల్టు మైకైనది కావున ఆ కంప్యూటరులో డిఫాల్టును నమ్ముకొన్న ధ్వని యెల్ల ఊరిమీదికే పోవుచుండెను.

ఇందుచేత నేను నేర్చుకొన్న మొదటి సంగతి యిది: బహిరంగముగా వినిపించు ద్వారమును ఎన్నడును డిఫాల్టుగా నుంచరాదు. డిఫాల్టు హెడ్‌ఫోనుగానో, గదిలోని చిన్న స్పీకరుగానో యుండవలెను. చాటింపు ప్రోగ్రాము మాత్రము మైకును పేరు పెట్టి పిలిచి తెఱువవలెను. అప్పుడు తెలియక పొరపడినవాని శబ్దము గదిలోనే యుండిపోవును.

పేరు పెట్టి పిలుచుట యంటిని. ఇక్కడనే ప్రోగ్రాములు వ్రాయువారు రెండవ తప్పు చేయుదురు. విండోసులో 1991 నుండి వచ్చుచు నేటికిని పనిచేయు పాత పద్ధతి యొకటి కలదు. దానిలో పరికరములకు సున్న, ఒకటి, రెండు అని వరుస సంఖ్యలుండును. మూడవ పరికరము కావలసిన 2 అని చెప్పవలెను. "ఏదైనను సరే" అనుటకు ఋణసంఖ్య, −1, చెప్పవలెను. పని సులువు. ఆ సంఖ్యను దాచుకొని రేపు మఱల వాడుదమనుకొనుటలోనే ప్రమాదమున్నది. ఉత్తరముమీద మనిషి పేరు వ్రాయక "వీథిలో మూడవ యిల్లు" అని వ్రాసితిమనుకొనుడు. నడుమ క్రొత్త యిల్లొకటి లేచిన, ఉత్తరము పొరుగువారి చేతిలో పడును. కంప్యూటరులో ఇండ్లు లేచుటకును కూలుటకును సంవత్సరములక్కఱలేదు. ఒక తీగె లాగిన చాలును. లినక్సు కంప్యూటరులలోను సౌండుకార్డుల సంఖ్యలు అవి కంటబడిన వరుసనుబట్టి వచ్చును. నేడు సున్న యైనది రేపు మఱల వెలిగించునప్పటికి ఒకటి కావచ్చును. మ్యాక్‌లో కూడ ప్రోగ్రామునకు దొరకు పరికర సంఖ్య ఆ పూటకే; దాచుకొనదగిన గుర్తు వేఱుగ నున్నది.

పోనీ, సంఖ్యకు బదులు పరికరము పేరే దాచుకొన్న నేమి? ఆ పాత పద్ధతిలో పేరు 31 అక్షరములకు మించి యీయరు. పొడవైన పేరు నడిమికి తెగును. రెండు పరికరముల పేర్లు తెగినపిమ్మట ఒక్కటే యగుట కద్దు. ఒకే అంగడిలో ఒకేరకపు సౌండుకార్డులు రెండు కొన్న మొదలే చిక్కు. కావున నేడు విండోసున ప్రోగ్రాము వ్రాయువాడు విస్టాతో వచ్చిన పద్ధతిని వాడి, ప్రతి ధ్వనిద్వారమునకును సిస్టము ఇచ్చు పొడవైన గుర్తును దాచుకొనవలెను. అది కంప్యూటరు ఆపి వెలిగించినను మాఱదు. మనిషికి చూపుటకు పేరు, యంత్రము జ్ఞప్తియుంచుకొనుటకు గుర్తు. ఆ గుర్తునకు సైతము ఒక లోపము కలదు: చవుకరకపు యు.ఎస్.బి. పరికరమును ఒక రంధ్రమునుండి మఱియొక రంధ్రమునకు మార్చిన, విండోసు దానిని క్రొత్తదిగా భావించి వేఱు గుర్తు నీయవచ్చును. అందుచేత నేను ఆ సంఘమువారికి ఆ రంధ్రముపై ఎఱ్ఱని కాగితము అంటించి, దీనిని కదల్పవద్దని చెప్పి వచ్చితిని. ప్రోగ్రాములో తీర్పరాని చిక్కులు కొన్ని జిగురుతోను కాగితముతోను తీరును.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న వేఱొకటి. ఎన్నుకొన్న పరికరము కనబడనపుడేమి చేయవలెను? తీగె ఊడిపోవును. బ్లూటూతు బ్యాటరీ అయిపోవును. ధ్వని నడుచుచుండగనే పరికరము మాయమైనచో విండోసు "నీవు పట్టుకొన్న పరికరమిక లేదు" అని ప్రోగ్రామునకు తెలుపును. మాయమైనది మఱల వచ్చినను కబురు చెప్పు ఏర్పాటున్నది. కబురు విన్నపిమ్మట ఏమి చేయవలెననునది మాత్రము ప్రోగ్రాము వ్రాయువాని బుద్ధికి విడువబడినది. చాలమంది వెనుకముందు చూడక డిఫాల్టునకు మరలింతురు. మీరు ఫోనులో పాట వినుచుండగా హెడ్‌ఫోను తీగె ఊడిన నేమి జరుగునో గమనించితిరా? మంచి ప్రోగ్రామైన పాట ఆగిపోవును. బస్సులోని పదిమందికి వినబడదు. ఆండ్రాయిడ్ ఫోనులను నిర్మించినవారు "ఇక శబ్దము బయటబడనున్నది" అని ముందుగా ప్రోగ్రామునకు హెచ్చరిక పంపు ఏర్పాటు చేసి, అది రాగానే ఆపుడని ప్రోగ్రాములు వ్రాయువారికి బోధించిరి. బల్లమీది కంప్యూటరులో ధ్వని తఱచుగా ఆగదు. పక్క స్పీకరునకు దుముకును. గుమాస్తా వినవలసిన రహస్యమునకు ఇది తగదు. హెడ్‌ఫోను లేనియెడల ఆగి, "హెడ్‌ఫోను కనబడుట లేదు" అని తెరమీద వ్రాసి, మనిషి చెప్పువఱకు మౌనము వహింపవలెను.

అట్లని మౌనమే ఎల్లప్పుడు మేలనుకొనరాదు. చూపులేనివారు కంప్యూటరును ఎట్లు వాడుదురో మీలో కొందఱెఱుగకపోవచ్చును. తెరమీది అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అను నతడు 2006 లో మొదలుపెట్టగా, జేమ్స్ టే అను నతడు తోడుచేరి పెంపొందించిన ఎన్.వి.డి.ఎ. అనునది అట్టిది. ఇరువురును చూపులేనివారే. అది ఉచితము, తెలుగును గూడ చదువగలదు. ఏ పరికరమునుండి మాటలాడవలెనో దానిలో ఎన్నుకొనవచ్చును. ఇప్పుడు యోచింపుడు. చూపులేని విద్యార్థి కంప్యూటరులో ఆ గొంతు, స్పీకరులేని తెరవైపు పోయినదనుకొనుడు. అతనికి తెర లేదు, గొంతు లేదు. కంప్యూటరు బండరాయితో సమానము. ఏది తప్పిపోయినదో తెలిసికొనుటకును ఆ గొంతే కావలెను. మన గుమాస్తాకు "పరికరము కనబడుట లేదు" అని తెరమీద వ్రాసిన సరిపోయెను. ఇతని కది పనికిరాదు. ఇక్కడ ప్రోగ్రాము మౌనము వహించుట క్రౌర్యము. ఎన్నుకొన్నది లేకున్న, దొరకిన యే ద్వారముననైనను పలుకవలెను. ఎన్నుకొన్నది తిరిగి వచ్చినపుడు అటు మరలవలెను. ఒకే ప్రశ్నకు ఒకచోట ఒక సమాధానము, మఱియొకచోట దానికి ఎదురు సమాధానము. ఎవరు వినుచున్నారు, ఏమి వినుచున్నారు అని తెలియనివాడు ఈ వరుసను సరిగా వ్రాయలేడు. అందుచేతనే ప్రోగ్రాము వ్రాయించుకొనువారు తమ యవసరమును నోరు తెఱచి చెప్పవలెనని నేననుచున్నాను.

విండోసు పదవ సంచికలో 2018 నుండి, ఏ ప్రోగ్రాము శబ్దము ఏ పరికరమునకు పోవలెనో సిస్టము అమరికలలో యజమానియే నియమించు వీలు వచ్చినది. లినక్సులో పల్సాడియో అను నేర్పాటున పదేండ్లకు పైగా ముందే, నడుచుచున్న శబ్దమును ఒక పరికరమునుండి మఱియొక దానికి మార్చు వీలుండెను. ఇవి యుండగా ప్రోగ్రాములో ఎన్నిక యెందుకని కొందఱందురు. నా కథలోని ప్రోగ్రాము ఒక్కటే. అందులోని ధ్వనులు రెండు జాతులు. చాటింపు చెట్టుమీదికి పోవలెను, విన్నపము చెవికి పోవలెను. సిస్టమునకు ఈ భేదము తెలియదు. దానికి రెండును ఆ ప్రోగ్రాము శబ్దమే.

నేను తిరిగి వ్రాసిన ప్రోగ్రామెట్లున్నదో చెప్పెదను. మొదటిసారి తెఱచినపుడు, కంప్యూటరునకు తగిలించియున్న ధ్వని పరికరములన్నిటి పట్టికను అది చూపును. ప్రతిదాని యెదుట "పరీక్ష" అను బొత్తాముండును. నొక్కిన అతి మెల్లగా రెండు మాటలు పలుకును. ఎక్కడ వినబడినదో మనిషియే చూచుకొనును. అంగడివాడు పెట్టిన పేరుతో పని లేదు. గుమాస్తా ఒకదానికి "ఊరి మైకు" అనియు, ఒకదానికి "నా చెవి" అనియు పేర్లు పెట్టుకొనెను. పేరు వెనుక యంత్రపు గుర్తు దాగియుండును. రెండింటికి ఒకే పరికరమును చూపిన ప్రోగ్రాము ఒప్పుకొనదు. మైకు తెఱచియున్నంతసేపు తెరపై ఎఱ్ఱని పట్టీమీద "ఊరికి వినబడుచున్నది" అని పెద్ద అక్షరములుండును. నాడు ఆ పట్టీ యుండినయెడల గుమాస్తా శబ్దము పెంచియుండడు. చెవికి వినబడనివానికి కంటికైన కనబడవలెను గదా. రైతులు పంపిన రికార్డులను మైకునకు పంపు దారి ప్రోగ్రాములో ఏ మూలను లేదు. బొత్తాము దాచియుంచలేదు, అసలు వ్రాయనే లేదు. ఈ పనియంతకు నాకు రెండు దినములు పట్టినది. మొదటనే చేసియుండిన ఒక పూటలో ముగిసెడిది.

మీ కచేరీలో ఇట్టి ప్రోగ్రామును ఎవరైనను పెట్టవచ్చినపుడు, భాష తెలియదని వెనుదీయకుడు. "నాయనా, దీని శబ్దము ఎక్కడ వినబడునో నేనెట్లు నిర్ణయింతును?" అని అడుగుడు. "కంప్యూటరే చూచుకొనును" అని అతడు చెప్పిన, నా కథ చెప్పుడు. అతని యెదుటనే హెడ్‌ఫోను తీగెను లాగి చూడుడు. ఆగినదా, పక్కకు దుమికినదా? మైకు తీగెను ఊడదీసి, కంప్యూటరు ఆపి, మఱల వెలిగించి, తీగె తగిలించి, వెనుకటి యెన్నిక నిలిచినదేమో చూడుడు. ఆంప్లిఫయరును మాత్రము ఆపియుంచి చేయుడు. అతడు విసుగుకొనవచ్చును. విసుగుకొన్నను ఫరవాలేదు.

ఆ ముదుసలి సంగతి అడుగుదురేమో. కొన్ని నెలలకు మనుమరాలిని వెంటబెట్టుకొని కచేరీకి వచ్చినది. గుమాస్తా లేచి నిలుచుండి, క్రొత్త ప్రోగ్రామును, ఎఱ్ఱపట్టీని, అన్నిటిని చూపబోయెను. ఆమె తెరవైపు చూడనే లేదు. "ముందు ఆ చెట్టుకుపోయే తీగె ఊడదీసి నా చేతిలో పెట్టు నాయనా, తరవాత చెప్తాను" అన్నది. అతడు తీగెను ఊడదీసి ఆమె చేతికిచ్చెను. చెప్పుకొన్నంతసేపును ఆమె దానిని ఒడిలో పెట్టుకొనియే యుండెను.

సెలవు.